మా వదినెగారి ప్రశ్న

గుడివాడలోని మా అన్నగారు తగవు లేనిదే అన్నము సయింపని మనిషి. కాలువనీటి వంతులు, చేని గట్లు, గుడి లెక్కలు, ఏది వచ్చినను ముందువరుసలో వారే యుందురు. పెద్దరికము ఒక్కదినము చేజారినను వారికి నిద్రపట్టదు. మొన్న వరికోతలనాడు కళ్లములోనే రొమ్ము పట్టుకొని కూలబడిరి. బందరునకు తీసికొనిపోగా వైద్యుడు హృదయధమనులు కొంత పూడినవని చెప్పి, మందులతోపాటు దినమున కొక గంట నడక విధించెను. అన్నగారికి నడకకంటె మందే గౌరవముగా తోచెను. "పోట్లాటవలన వచ్చిన జబ్బు కాళ్లాడించిన పోవునా?" అని నన్నడిగిరి.

సమాధానము వెదకబోయి నేను కోతుల కథలలో పడితిని.

అమెరికాలోని ఉత్తర కరోలినాలో జే కాప్లన్ మొదలగువారు పొడవుతోక మకాక్ కోతులను గుంపులుగా పెంచి, అన్నిటికిని ఒకే తీరు క్రొవ్వుతిండి పెట్టిరి. కొన్ని గుంపులను కదపలేదు. కొన్నిటిని మాటిమాటికి విడదీసి క్రొత్తవానితో కలిపిరి. 1982లో ప్రకటించిన ఫలిత మేమనగా, ఇట్లు కలచివేసిన గుంపులలో పెత్తనము నిలుపుకొనుటకై మరల మరల పెనగులాడిన మేటి మగకోతులకే ధమను లధికముగా పూడినవి. నెమ్మదిగల గుంపులలోని మేటికోతుల కా కీడు కలుగలేదు. 1987లో, గుండెవేగమును తగ్గించు ప్రొప్రనొలాల్ అను మందిచ్చి చూడగా ఆ యదనపు పూడిక రాలేదు. కావున హాని తిండిలోనేకాక, ఉద్రేకమున ఉరకలెత్తు గుండెలోను గలదన్నమాట.

నడక మాటయో? 1981లో క్రామ్ష్ బృందమువారు కోతులను వారమునకు మూడుమారులు గంటసేపు ట్రెడ్‌మిల్లుపై శ్రమింపజేసిరి. తిండి ఒకటే, రక్తములోని కొలెస్టరాలు ఇంచుమించు సమానమే. అయినను శ్రమించినవాని ధమనులు వెడల్పై, పూడిక తక్కువయై యుండెను. తరువాత ఎలుకలపై జరిగిన పరిశోధనలు మరియొక దారి చూపినవి. కలతపడిన ఎలుకల ఎముకమజ్జ వాపు పుట్టించు తెల్లకణముల నెక్కువగా తయారుచేయునని 2014లోను, చక్రములపై పరుగులిడు ఎలుకలలో ఆ తయారీ తగ్గునని 2019లోను తేలినది.

ఇందుచేత నడక తగవులను కడిగివేయునని చెప్పుటకు నాకు నోరాడలేదు. పరుగులిడిన కోతులను పోరులో పెట్టలేదు. పోరాడిన కోతులను పరుగెత్తింపలేదు. పైగా కోతి మనుష్యుడు కాదు. ఆ మూగజీవులను చంపి ధమనులు కోసి చూచిననే గాని ఇది తెలియలేదను సంగతియు నా మనస్సున ముల్లువలె నున్నది.

ఈ ప్రసంగమంతయు వడ్డించుచు వినినది మా వదినెగారు. ఆమె దివిసీమ ఆడపడుచు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పుట్టింటివారిని పోగొట్టుకొన్న పదేండ్ల పిల్ల. నేటికిని కార్తికమున గాలి హోరెత్తినచో లేచి కూర్చుండి తెల్లవార్చును.

"ఏమయ్యా, ఆ గుంపులలో ఆడకోతులు లేవా?" అని యడిగెను.

ఆడకోతులపైనను పరిశోధనలు జరిగినవి. వానిలో లెక్క తారుమారు. క్రిందిస్థానమున అణగియుండు ఆడకోతులకే ధమనులు ఎక్కువ పూడినవి. ఈ మాట చెప్పుచుండగా నా గొంతు తడబడినది. నలువదియేండ్లుగా అందరి తరువాత భుజించి, అత్తగారి మాటయు మగని కోపమును తానే మ్రింగిన ఈమె చేయిపట్టి చూచినవారు మాలో నెవరు? గోదావరి జిల్లాల 45 గ్రామములలో 2003–04లో మరణకారణములు విచారింపగా రక్తప్రసరణ వ్యాధులే ముందు నిలిచినవని చదివియు, అది మా వంటయింటి సంగతి యని నాకు తట్టలేదు.

ఆ వారమే ఆమె రక్తపోటు మొదటిసారిగా కొలిపించితిమి. అన్నగారి దానికంటె ఎక్కువగా నున్నది.

ఇప్పు డిద్దరును వేకువనే కాలువగట్టున నడచుచున్నారు. కోడలికి ఇల్లప్పగించి ఈ వయసున షికారేమని ఇరుగమ్మలు మూతులు విరిచిరి. అన్నగారు మొదట పదియడుగులు ముందు నడచెడివారు. నిన్న నేనును వెంట పోయితిని. లాకుల దగ్గర ఆయన ఆయాసపడి తూముగట్టుపై కూర్చుండిరి. వదినెగారు ఒకసారి వెనుదిరిగి చూచి, "మీరు కూర్చోండి, నే నా వంతెనదాకా పోయి వచ్చెదను" అని సాగిపోయిరి.