మీటింగు అయింది, పని కాలేదు

మన జహీరాబాద్ ప్రాంతంలో వానలు తక్కువ పడిన సంవత్సరాలు చాలానే ఉన్నాయి గాని, మీటింగులు తక్కువ పడిన సంవత్సరం ఒక్కటి కూడా లేదు. ఊళ్ళో గ్రామసభ, సొసైటీ మీటింగు, బడిలో తల్లిదండ్రుల మీటింగు, ఫ్యాక్టరీకి పోయే మా పెద్దన్నకు షిఫ్టు మొదలయ్యే ముందు మీటింగు, మనకు ఇక్కడ యూనియన్ మీటింగు. సావనీరుకు ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గం మిత్రుడు అడిగినప్పుడు చాలా ఆలోచించాను. బి.యస్సీ. చదివేవాణ్ణి, కవిత్వం నా వల్ల కాదు. ప్రేమకథ రాస్తే ఇంట్లో ఊరుకోరు. అందుకని చిన్నప్పటినుంచి చూస్తున్న ఈ మీటింగుల సంగతే ఎత్తుకున్నాను. లెక్చరర్లు క్షమింతురుగాక, వారి స్టాఫ్ మీటింగుల జోలికి నేను పోవడం లేదు.

పోయిన సంవత్సరం మే నెలలో మా పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాని కింద ఇరవై రెండు మోటార్లున్నాయి. అల్లం పెట్టి పదిహేను రోజులు కూడా కాలేదు. అల్లం సంగతి తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. విత్తనం ఖరీదైనది, మొలక వచ్చేటప్పుడు తడి తప్పితే మళ్ళీ లేవదు. అదే రోజు సాయంత్రం చింతచెట్టు కింద రైతులందరూ కూర్చున్నారు. నేనూ మా నాయిన పక్కన కూర్చున్నాను. మూడు గంటలు మాట్లాడారు. కరెంటు సంగతి మాట్లాడారు, ప్రభుత్వాల సంగతి మాట్లాడారు, ఎవరి మోటారు ఎన్ని హార్స్‌పవర్‌దో, ఎవరు దొంగతనంగా పెద్దది బిగించారో తేల్చుకున్నారు. పదేళ్ళ కిందటి గట్టు తగాదా ఒకటి లేచింది, దాన్ని చల్లార్చేసరికి చీకటి పడింది. చివరికి ఒక పెద్దమనిషి, "ఏమున్నదిరా, మనిషికింత పైసలేసుకొని, ట్రాక్టర్ల ఏసుకపోయి బాగు జేయించుకొస్తే అయిపాయె" అన్నాడు. "అవ్‌మల్ల, గంతే" అన్నారందరూ. మీటింగు అయిపోయింది. మంచి మీటింగే అయిందని సంతోషంగా ఇండ్లకు పోయారు.

తెల్లారి ఎవరూ పోలేదు. ట్రాక్టరున్నాయన పైసలు జమ అయ్యాక పిలుస్తారనుకున్నాడు. పైసలిచ్చేవాళ్ళు ఎవరో వచ్చి అడుగుతారనుకున్నారు. అడగవలసింది ఎవరో చెట్టు కింద ఎవరూ చెప్పలేదు. మూడో రోజు ఇంకో మీటింగు పెట్టారు, అందులో మొదటి మీటింగులో ఏమనుకున్నామన్నదాని మీదనే కొట్లాట. ట్రాన్స్‌ఫార్మర్ బాగై వచ్చేసరికి పదకొండు రోజులైంది. మా అరెకరం అల్లంలో సగానికి పైగా మొలక ఎండిపోయింది.

ఫ్రాన్సు దేశంలో మాక్స్ రింగెల్మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు ఉండేవాడు. మనుషుల చేత తాడు లాగించి, ఒక్కొక్కరు ఎంత బలం పెడుతున్నారో కొలిచి, ఆ ఫలితాలను 1913లో ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలం నూరు పాళ్ళనుకుంటే, ఇద్దరు కలిస్తే తలా 93, ముగ్గురైతే 85, ఎనిమిది మంది అయ్యేసరికి తలా 49. అంటే ఎనిమిది మంది కలిసి నలుగురు లాగినంత కూడా లాగలేదన్నమాట. తాడు దగ్గరే ఇట్లా ఉంటే, ఇరవై రెండు మోటార్ల రైతుల దగ్గర ఎట్లా ఉంటుంది? మా ఊరివాళ్ళు సోమరులు కారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మడులు కట్టేవాళ్ళు. కాని పని "అందరిదీ" అయినప్పుడు దానికి చెయ్యి అంటదు.

అల్లం విత్తనానికి పైసలు మా అమ్మ తన పొదుపు సంఘంలో తీసిన అప్పు. కిస్తీ కట్టే నెల వచ్చింది. ఆ సంఘం మీటింగు మా ఇంటి అరుగు మీదనే జరిగింది గనుక మొత్తం కండ్లారా చూశాను. చదువు ముగించుకున్నవాళ్ళు అందులో ఇద్దరే. మిగతావాళ్ళలో సంతకం నేర్చుకున్నవాళ్ళు కొందరు, వేలిముద్ర వేసేవాళ్ళు కొందరు. మొత్తం పదకొండు మంది గుండ్రంగా కూర్చున్నారు. కుర్చీ ఎవరికీ లేదు. ముందు హాజరు. ఆలస్యంగా వచ్చినామెకు అయిదు రూపాయల జరిమానా పడింది, ఆమె గొణుక్కుంటూనే ఇచ్చింది. తర్వాత పోయిన మీటింగు తీర్మానాలు పైకి చదివారు. ఏ పని ఎవరికి అప్పజెప్పారో ఆమె పేరు పెట్టి పిలిచి "అయిందా, కాలేదా?" అని అడిగారు. ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. చెట్టు కింద మా పెద్దలు మూడు గంటల్లో ఒక్కసారి కూడా అడగని ప్రశ్న ఇదే.

తర్వాత అందరి ముందూ పైసలు లెక్కబెట్టారు. తర్వాత మా అమ్మ సంగతి వచ్చింది. అమ్మ తలవంచుకొని, అల్లం పోయింది, ఈ కిస్తీ కట్టలేనని చెప్పింది. ఒకామె గట్టిగానే అంది: "నీకు మాఫీ జేస్తే రేపు అందరూ గదే అడుగుతరు." ఇంకొకామె ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే, లీడరమ్మ "నువ్వు జెప్పు వదినె, నీ మనసుల ఏమున్నది?" అని అడిగి మరీ చెప్పించింది. చివరికి మూడు నెలలు వడ్డీ మాత్రమే కట్టాలి, నాలుగో నెల నుంచి అసలు కలిపి కట్టాలి అని తేల్చారు. పుస్తకంలో రాశారు, రాసింది చదివి వినిపించారు, అందరూ సంతకాలూ వేలిముద్రలూ పెట్టారు. నలభై నిమిషాలు పట్టింది. లేచి పోతూ ఆ గట్టిగా మాట్లాడినామే, "ట్రాన్స్‌ఫార్మర్ కాడికి మీ ఆయన పోలేదా?" అని అడిగింది. అమ్మ దగ్గర జవాబు లేదు. లోపల కూర్చున్న నాయిన దగ్గరా లేదు.

పొదుపు సంఘాలకు పంచసూత్రాలు అని ఉన్నాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో చెల్లింపు, సరైన లెక్కల పుస్తకాలు. అయిదింటిలో మొదటిది మీటింగే అన్నది గమనించండి. పైసలు రెండో మెట్టు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం కూడా రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలంటుంది. ఆ సభ ఎట్లా జరుగుతుందో మీ మీ ఊళ్ళలో మీరే చూసుకోండి.

మన చుట్టుపక్కల ఈ విద్య కొత్తదేమీ కాదు. పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళల సంఘాలను ఊరూరా నిలబెట్టింది. పగలంతా కూలికి పోయే ఆడవాళ్ళు రాత్రి అన్నాలు తిన్నాక కూర్చొని, ఏ పడావు భూమిని సాగులోకి తేవాలి, ఏ విత్తనం ఎవరికి ఎంత ఇవ్వాలి అని తేల్చుకునేవారు. ఆ సంఘాలకే 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. జొన్నలు, కొర్రలు, సామలు బతికినందుకు వచ్చిందని పేపర్లు రాశాయి. అది నిజమే, కాని ఆ రాత్రి మీటింగులు లేకపోతే ఆ గింజలు బతికేవా అని నా అనుమానం.

ఇంకో ముచ్చట మన విద్యార్థులు చాలామందికి తెలియదు. 2001 జూన్ నెలాఖరులో మన అల్గోల్‌లో "ప్రజాతీర్పు" అని ఒక సభ జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో ప్రకటించిన విజన్ 2020 మీద చిన్న సన్నకారు రైతులే జ్యూరీగా కూర్చున్నారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. దాన్ని నడిపిన తీరు చూడండి. ఇరవై ఏండ్ల తర్వాత వ్యవసాయం ఎట్లా ఉండవచ్చునో మూడు దారులు ముందే తయారుచేసి వీడియోలో చూపించారు, చదువు రానివాళ్ళు కూడా పోల్చి చూసుకునేటట్టు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల తరఫువారు సాక్షులుగా వచ్చారు. సాక్షులు చెప్పాలి, జ్యూరీ అడగాలి. మామూలు సభల్లో పెద్దసారు మాట్లాడితే రైతు వింటాడు. ఇక్కడ రైతు ప్రశ్నకు సారు జవాబు చెప్పవలసి వచ్చింది. అంతా న్యాయంగా జరుగుతున్నదా అని చూడడానికి వేరే ఒక బృందం, దానికి అధ్యక్షుడు సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి. సావంత్. ఆకాశవాణి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఉన్నవాడాయన. భూమి మీద బతికేవాళ్ళ సంఖ్యను నూటికి 70 నుంచి 40కి తగ్గించాలన్న ఆలోచనను ఆ జ్యూరీ ఒప్పుకోలేదు, జన్యుమార్పిడి పంటలనూ ఒప్పుకోలేదు. ఆ తీర్పుతో మీరు ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. నాకే కొన్నింటిలో సందేహాలున్నాయి, యంత్రాలు వద్దంటే మా నడుములు ఏం కావాలి? కాని ఏమి అడిగారు, ఏమి తేల్చారు అన్నది ఈనాటికీ చదువుకోవడానికి దొరుకుతుంది. మా చింతచెట్టు కింది మాట పదకొండు రోజులు కూడా దొరకలేదు.

ఇక మన సంగతి. పార్కిన్సన్ అనే ఇంగ్లీషాయన 1957లో వచ్చిన పుస్తకంలో ఒక కమిటీ కథ చెప్పాడు. కోటి పౌండ్ల అణు రియాక్టర్ రెండున్నర నిమిషాల్లో పాసైపోతుంది, ఎందుకంటే అది ఎవరికీ అర్థం కాదు. 350 పౌండ్ల సైకిల్ షెడ్డు మీద ముప్పావు గంట చర్చ, ఎందుకంటే సైకిల్ షెడ్డు అందరికీ తెలుసు. చదివి నవ్వుకున్నాను, తర్వాత మన యూనియన్ మీటింగు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. వార్షికోత్సవానికి సౌండు, లైటింగు ఖర్చు చదివినంతసేపట్లో పాసైంది. టీషర్టు రంగు మీద గంటన్నర పట్టింది. నలుపా, నీలమా అన్న దగ్గర ఇద్దరు మిత్రులు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు.

అందుకే ఈ సంవత్సరం బస్సు విషయం వచ్చినప్పుడు కొందరం వేరే రకంగా చేసి చూశాం. ల్యాబు ప్రాక్టికల్స్ అయిపోయేసరికి నాలుగున్నర, మా వైపు ఊళ్ళకు పోయే బస్సు నాలుగుంబావుకే పోతుంది, తర్వాతది ఆరు దాటాక. అది పోతే చీకట్లో రోడ్డు మీద దిగి రెండు కిలోమీటర్లు నడవాలి. మా బ్యాచీలో ఇద్దరమ్మాయిలు ఇంట్లోవాళ్ళు ఒప్పుకోక ప్రాక్టికల్స్ మానుకుంటూ వచ్చారు. రికార్డు మార్కులు పోతాయి, ఆ తర్వాత చదువే పోతుంది. నలభై మందితో సభ పెట్టి ఉపన్యాసాలు ఇవ్వాలని కొందరన్నారు. నేను నోటుబుక్కు తీసి లెక్క చూపించాను: ఆరుగురు కూర్చుంటే ఒకరితో ఒకరికి ఉండే జతలు 15, నలభై మంది అయితే 780. ఎవరు ఎవరి మాట వినాలి? చివరికి రూటుకు ఒకరు చొప్పున ఆరుగురమే కూర్చున్నాం. రెండు రోజుల ముందే అడగవలసిన ప్రశ్నలు మూడు కాగితం మీద రాసి పంచాం. ఏ రూటులో ఎంతమంది, ఎన్ని రోజులు అన్నది ఎవరి రూటు వాళ్ళు రాసుకొచ్చారు, కాబట్టి "చాలామందిమి ఉన్నం సార్" అనే మాట అక్కర్లేకపోయింది. ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరిని కూడా పిలిచాం. ఆమె చెప్పిన తర్వాతనే ఒక సంగతి మాకు తెలిసింది: బస్సు టైము మార్చడం కుదరకపోతే ప్రాక్టికల్ బ్యాచీనే పొద్దున పెట్టవచ్చు. మగపిల్లలం అయిదుగురికీ అది తట్టలేదు. చాయ్ మీటింగు అయ్యాకే అని ముందే చెప్పాం. మాటలు తొందరగా తెమలడానికి అది కూడా పనికొచ్చింది. ముప్పయి అయిదు నిమిషాల్లో లేచాం. పుస్తకంలో నాలుగు పనులు, నాలుగు పేర్లు, నాలుగు తేదీలు.

వాటిలో మూడు అయ్యాయి. మా సార్లు ఒక బ్యాచీని బుధవారం పొద్దుటికి మార్చారు. ఒక రూటు బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా బయలుదేరుతోంది. ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరు మళ్ళీ ల్యాబుకు వస్తున్నారు. రెండో అమ్మాయిది ఇంకో రూటు, అది ఇంకా తెమలలేదు. పుస్తకంలో ఆ వరుసకు ఎదురుగా ఉన్న పేరు నాదే. అర్జీ రెండుసార్లు ఇచ్చి వచ్చాను, ఈ వారం మూడోసారి పోతున్నాను. ఆ రూటులో ఎక్కే మిత్రులు ఎవరైనా సోమవారం పదిన్నరకు లైబ్రరీ మెట్ల దగ్గర కలిస్తే కలిసి పోదాం.