రెండు తెగిపోయాయా?

ఇంట్లో గోడకి బేస్ గిటార్ వేలాడుతుంటే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. “నాలుగే తీగలున్నాయేంట్రా? రెండు తెగిపోయాయా?” తెగలేదు పిన్నీ, దీనికి నాలుగే అని చెప్తాం. “అయితే తక్కువకే ఇచ్చుంటాడులే” అంటుంది పిన్ని. అక్కడే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నాలుగు తీగల ప్యాకెట్టు ఖరీదు మామూలు గిటార్ ఆరు తీగల ప్యాకెట్టుకి ఎన్ని రెట్లో పిన్నికి తెలీదు. తెలియకపోవడమే ఇంటికి మంచిది.

ఇవాళ్టి కబుర్లు ఆ తీగల గురించే. బేస్ కొందామనుకుంటున్నవాళ్లు, కొని మూలన పెట్టినవాళ్లు, ఉన్నది అమ్మేసి ఇంకా మంచిది కొందామని రాత్రిపూట ఫోన్‌లో బొమ్మలు చూసుకునేవాళ్లు, అందరూ రండి. నా గొడవంతా ఆ చివరివాళ్లతోనే. అయ్యా, మీకు నచ్చనిది మీ గిటార్ కాదు, దాని మీదున్న తీగలు. చేతికి బరువుగా ఉందన్నా, మోత మొద్దుగా ఉందన్నా, పై మెట్లలో అపశ్రుతి పలుకుతోందన్నా సగానికి సగం రోగాలు అక్కడే కుదురుతాయి. పాతిక వేలు పెట్టి కొత్తది కొనేముందు ఒక ప్యాకెట్టు తీగలు, రెండు అలెన్ కీలు కొని చూడండి.

వస్తువు గురించి ముందు రెండు ముక్కలు. 1930లలోనే సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన కరెంటు బేస్ చేశాడుగానీ జనం పట్టించుకోలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బేస్’ అమ్మకానికి పెట్టాకే ఇది నిలదొక్కుకుంది. అప్పటిదాకా బేస్ అంటే మనిషంత ఎత్తు డబుల్ బేస్. దాన్ని మోసుకెళ్లడం ఒక యాతన, మోసుకెళ్లాక డ్రమ్ముల మధ్య వినిపించడం ఇంకో యాతన. ఫెండర్ పెట్టిన తీగ పొడవు, అంటే మెడ కొసనున్న నట్ నుంచి ఒంటి మీదున్న బ్రిడ్జి దాకా, 34 అంగుళాలు. ఇప్పటికీ చాలా బేస్‌లకి అదే కొలత.

అన్నిటికన్నా లావు తీగ ‘ఈ’. సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. ఆ 41ని పలికే తాహతు మీ ఫోన్ స్పీకర్‌కి లేదు. మరి ఫోన్‌లో పాట వింటూ “ఆహా, బేస్!” అంటాం కదా? ఆ స్వరంతో పాటు పుట్టే పై హార్మోనిక్స్‌ని మాత్రం ఫోన్ పలికిస్తుంది, అడుగున ఉండాల్సినదాన్ని మన మెదడే పూరించుకుంటుంది. నమ్మకం కుదరకపోతే ‘గీతాంజలి’ పాటలు ముందు ఫోన్‌లో, తర్వాత మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఇళయరాజా బేస్‌ని తాళం కాపలాకి వదిలెయ్యడు, దానిచేత పక్కన ఇంకో పాట పాడిస్తాడు. 1989 నుంచీ వింటున్న పాటల్లో మీకు ఇన్నాళ్లూ దొరకనిదేదో దొరుకుతుంది.

సరే, తీగలకొద్దాం. బేస్ తీగ ఒంటి తీగ కాదు. లోపల ఉక్కు తీగ ఒకటి, దాని చుట్టూ చుట్టిన తీగ ఇంకొకటి. ఆ చుట్టిన తీగ గుండ్రంగా ఉంటే రౌండ్‌వౌండ్, రిబ్బన్‌లా చదునుగా ఉంటే ఫ్లాట్‌వౌండ్. రౌండ్ మీద వేలు జరిపితే గరగర తగులుతుంది, కీచుమనే చప్పుడొస్తుంది, మోత మాత్రం గలగల్లాడుతుంది. ఫ్లాట్ నున్నగా జారుతుంది, ‘దుమ్’ అని కొట్టి ఊరుకుంటుంది. ఈ రెండింటికీ మధ్యరకాలు, నైలాన్ చుట్టినవి కూడా ఉన్నాయిగానీ, అసలు పేచీ ఈ రెండింటి మధ్యే.

ఫ్లాట్ పక్షానికి పెద్దదిక్కు జేమ్స్ జేమర్సన్. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ వాళ్లది మామూలు ఇల్లు, దాని వెనక గ్యారేజీని స్టూడియో చేశారు. 1960లలో అక్కణ్నించి వచ్చిన హిట్లలో బోలెడన్నిటి అడుగున ఉన్నది ఈయన వేళ్లే. వేళ్లు కూడా కాదు, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. దానికి ‘హుక్’ అని పేరు పెట్టుకున్నారు. ఆయన దగ్గరున్నది 1962 నాటి ప్రెసిషన్ బేస్. దాని మీద లా బెల్లా కంపెనీ మందపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగలు మెట్లకి చాలా ఎత్తులో ఉండేవి, ఇంకొకళ్లు వాయించబోతే వేళ్లు నొప్పెట్టేవి. బ్రిడ్జి మీది మూత కింద ఫోమ్ ముక్క, మోత ఎక్కువసేపు సాగకుండా.

పాత తీగ, లావు తీగ, ఎత్తు తీగ, పైగా ఫోమ్. ఇవాళ ఏ దుకాణంలోనైనా ఇలాంటి గిటార్ చేతికిస్తే “రిపేరుకి పంపండి” అంటారు. దాని మీద పుట్టిన వరసల్నే ఇప్పటికీ బేస్ నేర్చుకునేవాళ్లు పాఠాల్లా సాధన చేస్తున్నారు. మోటౌన్ రికార్డుల మీద చాలా ఏళ్లపాటు వాద్యకారుల పేర్లే ఉండేవి కావు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అట్ట మీద గానీ ఆయన పేరు జనానికి కనబడలేదు. 1983లో పోయాడు. ఇప్పుడు లా బెల్లా ఆయన పేరు పెట్టి 52 నుంచి 110 దాకా ఉండే సెట్టు అమ్ముతోంది. తీగలు మార్చని మనిషి పేరు మీద తీగల వ్యాపారం, చూశారా తమాషా!

అవతలి పక్షంలో లండన్ మనిషి జాన్ ఎంట్విసిల్, ‘ద హూ’ బ్యాండువాడు. ఒకవైపు పిచ్చెక్కినట్టు వాయించే డ్రమ్మరు, ఇంకోవైపు చెయ్యి గిరగిరా తిప్పే గిటారిస్టు. అలాంటిచోట ‘దుమ్’ అంటే ఎవరికి వినిపిస్తుంది? ఆయనకి పియానో అడుగు స్వరాల్లా ఖంగుమనే తీగలు కావాలి. 1966లో రోటోసౌండ్ వాళ్ల దగ్గరికెళ్లి, తీగ తర్వాత తీగ చుట్టించి, వాయించి చూసి, కుదిరాకగానీ వదల్లేదు. ఆ ‘స్వింగ్ బేస్ 66’ ఉక్కు తీగలు ఇప్పటికీ దొరుకుతాయి. ఇవాళ దుకాణంలో కొత్త బేస్ ఏది తీసుకున్నా మీదుండేవి దాదాపు రౌండ్‌వౌండ్‌లే.

ఎవరు రైటు? ఎవరి బ్యాండులో వాళ్లు రైటే. బేస్ ఒంటరిగా వాయించి తీగలు ఎంచుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట. పడగ్గదిలో గలగలా మోగిన తీగ, పక్కన రెండు గిటార్లు, ఒక కీబోర్డు చేరేసరికి ఎక్కడుందో తెలీదు. ఒంటరిగా డొల్లగా వినిపించిన ఫ్లాట్‌వౌండ్ అదే గుంపులో తనకంటూ చోటు చూసుకుని కూర్చుంటుంది. పాత సినిమా పాటలు, భజనలు, మెత్తటి పాటలు వాయించేవాళ్లు ఒక్కసారి ఫ్లాట్‌లు వేసి చూడండి. ధర దాదాపు రెట్టింపు ఉంటుంది. కాకపోతే ఏళ్లు గడుస్తాయి. రౌండ్‌ల చుట్ల సందుల్లోకి చెమట, జిడ్డు చేరి కొద్దివారాలకే మెరుపు పోతుంది. ఫ్లాట్‌లకి ఆ సందులే లేవు.

ఒక జాగ్రత్త. మెట్లు లేని బేస్, అదే ఫ్రెట్‌లెస్, మీద రౌండ్‌లు వేస్తే చెక్కని కోరేస్తాయి. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ కావాలనే వేశాడు, చెక్కకి ఎపాక్సీ పూత పూయించుకుని మరీ. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్‌లో బేస్ పాడినట్టు వినిపించడానికి ఆ తీగలూ ఆ పూతా కూడా కారణమే. పూత లేకుండా అలాంటి మోత కావాలంటే మాత్రం చెక్క మీద ఆశ వదులుకోవాలి.

ప్యాకెట్టు మీద 45-65-85-105 అని ఉంటుంది. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 45 అంటే మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, 105 అంటే రెండున్నర దాటుతుంది. కొత్తవాళ్లు ఇదే తీసుకోండి, నికెల్ పూత ఉక్కులో. చేతికి బరువనిపిస్తే తర్వాత 40-100కి దిగొచ్చు. అదే శ్రుతికి తీగ లావయ్యేకొద్దీ బిగువు పెరుగుతుంది. మామూలు సెట్టులో నాలుగూ కలిసి దాదాపు 80 కిలోల బలంతో మెడని లాగుతుంటాయి. అందుకే లావు మారిస్తే మెడ వంపు మారుతుంది, సెటప్ (అదేంటో కింద చెప్తాను) మళ్లీ చూసుకోవాలి. నట్‌లో గాడి సరిపోకపోతే ఆకురాయి పట్టించాలి, అది తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఐదు తీగల బేస్ తీసుకుంటే అడుగు ‘బీ’ సెకనుకి 31 కంపనాలే. 34 అంగుళాల మీద అది కాస్త వదులుగా ఊగుతుంది, 130 లావుది వేస్తే నయం. 35 అంగుళాల కొలతతో కొందరు చేసేది కూడా ఈ బాధ తప్పించడానికే.

ఇక మార్చడం. నాలుగూ ఒకేసారి పీకితే కొంపలు మునగవుగానీ, ఒక్కొక్కటే మార్చుకుంటే మెడకి కుదుపు తక్కువ. కొత్త తీగని బ్రిడ్జిలోంచి దూర్చి, దాని ట్యూనింగ్ కీ దాటాక ఇంకో పది పన్నెండు సెంటీమీటర్లు వదిలి కత్తిరించాలి. కత్తిరించేచోటుకి ముందే తీగని లంబకోణంలో గట్టిగా వంచండి. వంచకుండా కోస్తే చుట్టు లోపలి తీగ మీద వదులై కూర్చుంటుంది, ఇక ఆ తీగ జన్మలో సరిగ్గా పలకదు. కొసని కీ స్తంభం నడిమి కన్నంలోకి దింపి, మూడు చుట్లు పైనుంచి కిందికి పేర్చుకుంటూ తిప్పండి. శ్రుతికి వచ్చాక శాడిల్‌కి (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కకి) కాస్త ముందు, నట్‌కి కాస్త ఇవతల తీగని బొటనవేలితో ఒకసారి నొక్కండి. కొత్త తీగ అక్కడ విల్లులా లేస్తుంది, నొక్కితే మడతపడి కుదురుకుంటుంది. చాలామంది వదిలేసే పని ఇదే. “కొత్త తీగలు వేసినా శ్రుతి నిలవట్లేదు” అంటారు.

పాత రౌండ్‌లని నీళ్లలో పడేసి ఉడకబెట్టడం కూడా మన జాతిలో ఒక ఆచారం. జిడ్డు వదిలి మళ్లీ కొంచెం మెరుస్తాయి, నిజమే. ఆ వైభవం కొన్నాళ్లే. విప్పి చుట్టి విప్పి చుట్టి తీగ బలహీనపడుతుంది, తడి సరిగ్గా ఆరకపోతే తుప్పు. ఉడికిస్తే ఉడికించండిగానీ చారు గిన్నెలో వద్దు. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలి తగిలేచోట ఉండేవాళ్లు వాయించాక పొడిగుడ్డతో తుడవండి చాలు, తీగల కిందనుంచి కూడా.

సెటప్ అంటే నాలుగు పనులు, వరస మాత్రం తప్పకూడదు, ఒకటి కదిపితే తర్వాతది కదులుతుంది కాబట్టి. తీగలు శ్రుతిలో పెట్టి, మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర ‘ఈ’ తీగని నొక్కిపట్టండి. మధ్యలో ఏడో మెట్టు మీద తీగకీ మెట్టుకీ సందు విజిటింగ్ కార్డు మందం ఉండాలి, 0.3 మిల్లీమీటర్లు. ఎక్కువుంటే మెడలోపలి కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ని, సవ్యదిశలో బిగించాలి, సందే లేకపోతే వదులు చెయ్యాలి. ఒకసారికి పావు చుట్టు, అంతే. తర్వాత మళ్లీ శ్రుతి చేసి మళ్లీ కొలవండి. గట్టిగా ఉంటే బలం చూపించకండి. అలెన్ కీ అంగుళాలదా మిల్లీమీటర్లదా చూసుకోండి. సరిపోని కీతో తిప్పి గాడి అరిగిందంటే ఆ మెడకి అంతే సంగతులు.

అది అయ్యాక శాడిల్ మరలతో ఎత్తు. 17వ మెట్టు దగ్గర ‘ఈ’కి రెండున్నర మిల్లీమీటర్ల లోపు, ‘జీ’కి రెండు. బలంగా లాగేవాళ్లు ఇంకాస్త ఎత్తుంచుకోండి, లేకపోతే మెట్లకి కొట్టుకుని టకటకమంటుంది. తర్వాత స్వరశుద్ధి. 12వ మెట్టు మీద తీగని ఊరికే తాకి హార్మోనిక్ పలికించండి, తర్వాత అక్కడే నొక్కి వాయించండి. నొక్కినది హెచ్చుగా ఉంటే శాడిల్‌ని వెనక్కి జరిపి తీగ పొడవు పెంచాలి, తగ్గుగా ఉంటే ముందుకి. వీణ చేసేవాళ్లు మైనం మీద మెట్లనే సర్ది శ్రుతి కుదురుస్తారు. మనకి మెట్లు కదలవు, తీగ కొసని కదుపుకుంటాం. అరిగిపోయిన తీగలతో ఈ పని పెట్టుకోవద్దు, రాత్రంతా కూర్చున్నా కుదరదు. చివరి పని, తీగల కంపనాన్ని అందుకునే పికప్‌ల ఎత్తు. మరీ తీగకి ఆనించకండి, దానికి మీ చెవే కొలత.

ఇదంతా ఒకసారి చేసి మర్చిపోయేది కాదు. మెడ చెక్క. మేలో ఉన్నట్టు ఆగస్టులో ఉండదు. వానలు మొదలయ్యాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి ఆ కార్డు పెట్టి చూసుకుంటే చాలు. ఏసీ గాలి నేరుగా తగిలే గోడకీ, కిటికీ పక్క ఎండ పడే గోడకీ వేలాడదీయొద్దు.

పాతది కొంటున్నవాళ్లకి ఒక్క మాట. రంగు, గీతలు, డబ్బా తర్వాత. బ్రిడ్జి వైపు నుంచి మెడ పొడవునా ఒంటికన్నుతో చూడండి, మెలి తిరిగి ఉంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. ట్రస్ రాడ్ రెండువైపులా కొంచెం తిరుగుతోందో లేదో అమ్మేవాడి చేతనే తిప్పించండి. తీగలు తుప్పుపట్టి ఉంటే సంతోషించండి, బేరానికి పనికొస్తుంది.

లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉండే యాక్టివ్ బేస్ అయితే, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయించినా వాయించకపోయినా. ఆంప్ కట్టేసి కేబుల్ వదిలేసేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. లేచి వెళ్లి పీకి రండి.