రెక్క వంగాలి, విరగకూడదు

విమానంలో కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడు రెక్క కొస పైకీ కిందికీ ఊగడం చూసి కలవరపడతాడు. ఏమాత్రమూ వంగని రెక్కను చూస్తే నాకు కలవరం. రెక్కలు తయారు కాకముందే వాటి బలాబలాలను కంప్యూటరులో లెక్కగట్టడం నా వృత్తి.

కావడిబద్దను తలకిందులుగా ఊహించుకుంటే రెక్క స్వభావం తెలుస్తుంది. కావడి కొసలు బరువుకు కిందికి వంగుతాయి. రెక్క కొసలను గాలి పైకెత్తుతుంది. అప్పుడు పైరేకు నొక్కుకుపోతుంది, కిందిరేకు సాగుతుంది. పైరేకుకు ముడతపడుతుందన్న భయం. కిందిరేకుకు వేల ప్రయాణాల అలసటతో పగులు తీస్తుందన్న భయం.

రెక్కను లక్షలాది చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క ఎంత కదులుతుందో సమీకరణాలతో సాధిస్తాము. ఈ ‘ఫైనైట్ ఎలిమెంట్’ పద్ధతికి విమాన నిర్మాణంతో పుట్టుబంధం ఉన్నది. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు ప్రకటించిన వ్యాసం దాని పునాదులలో ఒకటి. 1960లో క్లఫ్ దానికి ఆ పేరు పెట్టారు.

కొత్తగా చేరినవారు తెరమీది రంగులకు మురిసిపోతారు. ఎరుపంటే ప్రమాదమనీ, నీలమంటే క్షేమమనీ అనుకుంటారు. రెక్కను విమాన దేహానికి బిగించిన తీరును తప్పుగా చిత్రిస్తే, కంప్యూటరు ఆ తప్పును కూడా అంతే అందంగా రంగులద్ది చూపిస్తుంది. పదునైన లోమూలల దగ్గర ముక్కలను చిన్నవి చేసినకొద్దీ ఒత్తిడి అంకె పెరుగుతూనే పోతుంది, దానిని నమ్మరాదు. అందుచేత రంగులు చూడకముందే కొన్ని ప్రశ్నలు వేసుకుంటాను. మోపిన భారమూ, రెక్క మొదట్లో పుట్టిన ప్రతిచర్యా సరిసమానమా? ముక్కల పరిమాణం సగం చేసినా జవాబు నిలుస్తుందా? కాగితంమీద వేసిన మోటు లెక్కకు అది దగ్గరగా ఉన్నదా?

ప్రయాణికుల విమానాలకు నియమం ఒకటున్నది. ఎగిరేటప్పుడు ఎదురుకాగల అత్యధిక భారానికి 1.5 రెట్లు మోపినా రెక్క కనీసం 3 సెకన్లు విరగకుండా నిలవాలి. ఇంకా దిట్టంగా చేయవచ్చుగదా అని మిత్రులు అడుగుతారు. చేయవచ్చు, కాని అదనంగా చేర్చిన ప్రతి కిలోనూ ఆ విమానం జీవితమంతా మోసుకు తిరగాలి. అందుకే ఆ అంకెకు అతి చేరువలో పనిచేస్తాము. 1995 నాటి పరీక్షలో బోయింగ్ 777 రెక్కల కొసలు 7 మీటర్లకు పైగా పైకి లేచి, 1.54 రెట్ల దగ్గర విరిగాయి. 2006లో ఎయిర్‌బస్ ఎ380 రెక్క 1.45 రెట్ల దగ్గరే విరిగింది. దానిని బలపరచడానికి పూనుకున్న తర్వాతనే ఆ విమానానికి అనుమతి లభించింది.

ఒకసారి మా లెక్కలో, ఇంధనం ట్యాంకు తనిఖీకై కిందిరేకులో ఉంచిన కంత అంచున, బలం 2 శాతం తక్కువ తేలింది. గడువు ముంచుకొస్తున్నది. ‘‘రెండు శాతమే గదండీ! భారాల అంచనాలోనే అంత వెసులుబాటు ఉంటుంది’’ అన్నారు సమావేశంలో ఒక పెద్దాయన. ఆ మాట అబద్ధం కాదు. కాని ఆ వెసులుబాటును ఇక్కడ నేను వాడుకుంటే, మరొకచోట మరొకరు వాడుకుంటారు. ఎవరికివారే అది తమ ఒక్కరిదే అనుకుంటారు. ‘‘నేను సంతకం పెట్టలేనండీ’’ అన్నాను.

పని రెండు వారాలు వెనకబడింది. కంత అంచును కాస్త మందం చేశారు; పెరిగిన బరువు పావుకిలో లోపే. ఆ రెండు వారాలూ పెద్దాయన నాతో ముక్తసరిగానే మాట్లాడారు. మరో రెక్క పని మొదలైనప్పుడు మాత్రం, తనిఖీ కంతల లెక్క నా చేతికే ఇవ్వమన్నారు.