ఆరు నిమిషములు



బందెలదొడ్డి యనగా మన పల్లెలలోని పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒకని గొడ్డు మరియొకని చేనిలో పడినయెడల దానిని తోలుకొనిపోయి దొడ్డిలో పెట్టెడివారు. రుసుము చెల్లించినగాని విడిచెడివారు కారు. "గట్టుమీద నిలిచినదంతే" అని గొడ్డుగలవాడనును. "చేనంతా మేసింది" అని చేనుగలవాడనును. నిజము ఆ రెండు మాటల నడుమ ఎక్కడనో ఉండును. అట్టి తగవొకటి 2025వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో నాకే తటస్థించెను. గొడ్డుకు బదులు కారు, చేనికి బదులు అంగడి ముందరి స్థలము. అంతే భేదము.

నా కుమార్తె ఆ దేశమున ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్నది. నేను ఆమె యింట నుండగా ఒకనాడు ఒక పెద్ద అంగడికి పోతిమి. దాని ముందరి స్థలములో రెండు గంటలసేపు కారును ఉచితముగా నిలుపవచ్చును. తొమ్మిది దినములైన తరువాత ఒక ఉత్తరము వచ్చెను. కారు లోపలికి వచ్చినది 10 గంటల 10 నిమిషములకు, వెలుపలికి పోయినది 2 గంటల 4 నిమిషములకు అని రెండు ఫొటోలు అందులో ఉండెను. గడువు మించినందున 100 పౌనులు చెల్లించవలెననియు, 14 దినములలో చెల్లించిన 60 చాలుననియు వ్రాసియుండెను.

నా కుమార్తె ముఖము వెలవెలబోయెను. "కట్టేద్దాం నాన్నా. పోలీసుల దాకా పోతే నా వీసాకు ముప్పేమో" అనెను. పొరుగున నున్న మన తెలుగాయన ఒకరు వచ్చి, "చించి పారెయ్యండి మాస్టారూ, అవన్నీ ఉత్త బెదిరింపులు" అనిరి. విచారించి చూడగా ఇద్దరి మాటయు సరికాదని తెలిసినది.

అది పోలీసువారు వేసిన జరిమానా కాదు. అక్కడి పలకమీద వ్రాసిన షరతును మనము మీరితిమని ప్రైవేటు కంపెనీవారు అడుగు సొమ్ము. పూర్వము అట్టివారు కారు చక్రమునకు ఇనుప సంకెల బిగించి సొమ్ము రాబట్టెడివారు, అచ్చముగా మన బందెలదొడ్డివలెనే. ఇంగ్లండు, వేల్సులలో 2012 అక్టోబరు 1 నుండి ప్రైవేటు స్థలములలో ఆ పని నిషేధింపబడినది. అయినను ఉత్తరమును చించివేయుటయు తెలివిగాదు. చెమ్స్‌ఫర్డు పట్టణములో బీవిస్ అనునాయన 56 నిమిషములు ఎక్కువ నిలిపి, 85 పౌనులు అడుగుట అన్యాయమని సుప్రీముకోర్టు వరకు వాదించెను. 2015లో ఆయన ఓడిపోయెను. కోర్టు తీర్పు వచ్చిన పిమ్మటను సొమ్ము చెల్లించనియెడల మనిషి అప్పుల పరపతికి మచ్చ వచ్చును. కాబట్టి ఉత్తరమునకు జవాబు చెప్పవలసినదే.

మరి జరిగినదేమి? మేము మొదట ముప్పాతిక గంటసేపే ఉండి వెడలిపోతిమి. దారిలో మందులషాపునొద్ద దిగినప్పుడు నా చేతికర్ర లేదని చూచుకొంటిని. అంగడిలోనే మరచితిని! మరల వెనుకకు పోతిమి. కర్ర దొరికినది; మనుమడు ఆకలి యనెను; అక్కడనే భోజనము చేసితిమి. కెమెరా మా మొదటి రాకను, చివరి పోకను జతచేసి, నడుమ నున్నదానిని విడిచెను. ఇట్టి పొరపాట్లు ఆ కెమెరాలకు కలుగుచుండునట.

మందులషాపు రసీదుమీద 11 గంటల 20 నిమిషములని ఉండెను. అది మంచి సాక్ష్యము. అయితే మేము రెండవసారి ఎప్పుడు వచ్చితిమి? స్థలములో కారు అడుగు పెట్టుచుండగా నేను అల్లునికి ఫోను చేసితిని. నా ఫోనులో ఆ కాలము కనబడుచుండెను: 11 గంటల 58 నిమిషములు. అనగా రెండు గంటల ఆరు నిమిషములు ఉంటిమి. ఆరు నిమిషముల తప్పు మాయందు కలదు!

ఇప్పుడు నా సిగ్గును మీయెదుట ఒప్పుకొందును. "12 గంటల 10 నిమిషాలకు వచ్చామని వ్రాయమ్మా. ఫోను సంగతి ఎత్తవద్దు" అను మాట నా నోటనే వచ్చెను. కర్ర మరచినవాడను నేను. నా బిడ్డ నష్టపడుట నేను ఓర్వలేకపోతిని. ఆ పన్నెండు నిమిషములు ఎవరికి తెలియును?

నా కుమార్తె కలము క్రింద పెట్టి నావైపు చూచెను. "నాన్నా, మీ బళ్లో నేను అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన రోజున హాజరుపట్టీలో ఆలస్యమనే వ్రాశారు. నేను ఏడ్చినా దిద్దలేదు. గుర్తుందా?" అనెను.

నేనేమి చెప్పుదును? నేను చల్లిన విత్తు నాయెదుటనే మొలిచెను. "ఉన్నదున్నట్లే వ్రాయి తల్లీ" అంటిని.

అట్లే వ్రాసి పంపితిమి. కంపెనీవారు ఒప్పుకొనలేదు. వారి సంఘమునకు పోప్లా అను స్వతంత్ర విచారణ సంస్థ కలదు. అక్కడ మొరపెట్టుటకు మనకు ఖర్చులేదు. అయితే ఓడినయెడల 60 పౌనుల తగ్గింపు పోయి 100 పౌనులును చెల్లించవలెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉదయమున నా కుమార్తె రసీదును, ఫోను పట్టికను జతచేసి, ఆనాటి కెమెరా ఫొటోలన్నియు వెదకవలెనని కోరుచు మొర పంపెను. ఆ వ్యాపార సంఘముల నియమావళిని చదువుచుండగా ఒక మాట మా కంటబడెను. గడువు ముగిసిన తరువాత స్థలము విడుచుటకు కనీసము 10 నిమిషములు ఓర్చుకొనవలెనట! మేము దాచబోయిన ఆరు నిమిషములకు అందులో చోటు ముందే ఉండెను.

కొన్ని వారములకు కంపెనీవారు వాదింపక సొమ్ము రద్దుచేసిరి.

చదువరీ, నీ బిడ్డయు పరదేశములో ఉండవచ్చును. ఇట్టి ఉత్తరము వచ్చిన భయపడి వెంటనే చెల్లింపవద్దనియు, చించివేయవద్దనియు, రసీదులు దాచుకొమ్మనియు, 28 దినములలోపల ఎదురుచెప్పవచ్చుననియు ఆమెకు చెప్పుము. అంతకంటె ముఖ్యమైన మాట నీకే చెప్పుచున్నాను. ఆ 10 నిమిషముల సంగతి తెలిసి మేము నిజము వ్రాయలేదు; వ్రాసిన తరువాత తెలిసికొంటిమి. ఆ నియమము లేనియెడల 100 పౌనులు పోయెడివే. పోయినను, నా కుమార్తె ఆనాడు నన్ను చూచిన చూపును నేను తలయెత్తి ఎదుర్కొనగలిగెడివాడను. నీవు ఇతరుల పట్టీలో ఎరుపు సిరాతో వ్రాసిన నిమిషములను నీ పట్టీలోను వ్రాసికొందువా? నన్ను నేను ఇప్పటికిని అడుగుకొనుచున్న ప్రశ్న ఇదియే.