ఒకే సీసా నూనె, రెండు నొప్పులు

మేము బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నాయన ఇంట్లో పలక మీద దిద్దించినవి. తప్పులుంటే సర్దుకొని చదవండి. ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము, కారణం ఉంది.

పోయిన ఏడాది పొంగల్ కూటంలో మేము ఇరవై సీసాల నూనె పంచినాము, గుర్తుందా? కీళ్ళ నొప్పికి మంచిదని మైకులో కూడా చెప్పినాము. ఆ నూనె గురించే ఈ రాత.

పొన్మలై వర్క్‌షాప్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం మాది. కుర్చీలో కూర్చొని చేసే పనే. అయినా రిటైర్ అయ్యేనాటికి రెండు మోకాళ్ళూ అరిగినాయి. మెట్లు దిగేటప్పుడు కటకటమని శబ్దం, పొద్దున లేస్తే ఒక పది నిమిషాలు బిగుసుకొని ఉంటుంది, నాలుగడుగులు వేస్తే వదులుతుంది. ఈ వయసులో చాలామందికి ఉండేదే.

అవ్వ చేసే నూనె జ్ఞాపకం పెట్టుకొని మేమే చేసినాము. గానుగ నువ్వుల నూనె సన్న సెగ మీద కాచి, వావిలాకు గుప్పెడు వేసి (ఇక్కడ నొచ్చి అంటారు) చిటపట ఆగేదాకా ఉంచి, పొయ్యి నుంచి దించినాక, వేడి తగ్గినాక కర్పూరం వేయాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే భగ్గుమని అంటుకుంటుంది, జాగ్రత్త. మనవళ్ళకు అందకుండా పెట్టండి, కర్పూరం కడుపులోకి పోతే పిల్లలకు విషం. రాత్రి రుద్దుకొని వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకుంటే హాయిగా నిద్ర పట్టేది. వారానికి రెండుసార్లు ముడక్కత్తాన్ కీర దోశ కూడా తినేవాళ్ళం. దోశ బాగుంటుంది, నొప్పి తగ్గిందో లేదో మాత్రం చెప్పలేము.

ఇంట్లో పసుపు రంగు బామ్ ఎప్పుడూ ఉండేది, అమృతాంజనం. దాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారేనని, ఆంధ్రపత్రిక పెట్టిందీ ఆయనేనని, మైలాపూరులో పార్కు ఆయన పేరు మీదే ఉందని నాయన ప్రతిసారీ సీసా మూత తీస్తూ చెప్పేవాడు. తమిళ ఊళ్ళో పెరిగిన మాకు అదొక గర్వం.

సరే, విషయానికి వస్తాము. ఆ పొంగల్ నెలలోనే ఇంటామెకు వేళ్ళ నొప్పి మొదలైంది. మేమేమనుకొన్నాము? మాకు మోకాలు, ఆమెకు వేళ్ళు, రెండూ కీళ్ళ నొప్పే, ఒకే నూనె చాలునని. ప్రతి రాత్రీ మేమే కూర్చొని ఆమె వేళ్ళకు రుద్దినాము. రుద్దినప్పుడు వెచ్చగా ఉందనేది. తెల్లారితే మళ్ళీ మామూలే. గ్లాసు పట్టలేదు, కుళాయి తిప్పలేదు. మార్గళి నెలంతా వాకిలి నిండా ముగ్గు పెట్టిన మనిషి, వేసవికల్లా పిండి చిటికెన పట్టలేక, పక్కింటి అమ్మాయిని పిలిచింది. అప్పుడైనా మాకు తట్టలేదు. నూనెలో కర్పూరం ఇంకో రెండు బిళ్ళలు ఎక్కువ వేసినాము, అంతే.

ఆవణి నెలలో మా మోకాలి కోసమని రైల్వే ఆసుపత్రికి పోయినాము. ఆమె తోడుగా వచ్చింది. డాక్టరమ్మ మా మోకాలు చూసి, చీటీ రాస్తూ, పక్కన కూర్చొన్న ఆమె చేతులు చూసింది. రెండు చేతుల వేళ్ళ మొదళ్ళూ వరసగా నొక్కింది. తర్వాత ఒకే ప్రశ్న: "పొద్దున లేచినాక పిడికిలి బిగించడానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

"కాఫీ తాగి, స్నానం చేసి, ఎనిమిదింటి వార్తలు అయ్యేదాకా" అన్నది.

ఆమె లేచేది అయిదున్నరకు. ఆ రెండున్నర గంటల లెక్క మాకు ఒక్కనాడూ చెప్పలేదు. మేము అడగనూ లేదు.

రక్తపరీక్షలు చేసి, రుమటాయిడ్ అన్నారు. అరుగుడు కాదు ఇది, ఒంట్లోని రక్షణ శక్తే తన కీళ్ళ మీద తిరగబడే జబ్బు. మొదటి నెలల్లోనే మందు మొదలుపెడితే కీలు పాడు కాకుండా చాలావరకు ఆపవచ్చునట. మేము నూనె రుద్దుకుంటూ ఏడు నెలలు పోగొట్టినాము. కుడిచేతి రెండు వేళ్ళు కొంచెం పక్కకు వాలినాయి, అవి ఇక తిరిగి రావని చెప్పినారు. ఇంటికొచ్చే బస్సులో ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పైపూతలు వద్దని మేము చెప్పడం లేదు. మా మోకాలికి డాక్టరమ్మ రాసింది డైక్లోఫెనాక్ జెల్. మాత్ర మింగితే ఒంటికి చేరే మందులో పదో వంతు కూడా పూతతో రక్తంలోకి పోదు కాబట్టి కడుపుకు, కిడ్నీకి భారం తక్కువ. అయినా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అడగకుండా పూయకూడదు. మోకాలు, వేళ్ళు వంటి పైపై కీళ్ళకు పనిచేస్తుంది, తుంటి లోతుకు చేరదు. వేలికొసన కాస్త రాసి ఊరుకుంటే లాభం లేదు, కీలు చుట్టూరా, రోజుకు మూడు నాలుగు సార్లు, కొన్ని రోజులు వరసగా పూయాలి. బామ్ సంగతి వేరు. అందులోని మెంథాల్, కర్పూరం చర్మం మీద చల్లగానో వేడిగానో తోచి నొప్పి మీది ధ్యాసను మళ్ళిస్తాయి, జబ్బును తాకవు. బామ్ పూసి దాని మీద వేడి సంచి పెడితే చర్మం కాలుతుంది. గుండెకు వార్ఫరిన్ తీసుకొనేవాళ్ళు ఘాటు బామ్‌లు ఎక్కువగా పూయకండి, రక్తం మరీ పలచబడుతుంది.

ఇంటామెకిప్పుడు మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కరోజే. మంగళవారం. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు గనుక క్యాలెండరులో ఎర్ర ఇంకుతో సున్న చుట్టి పెట్టినాము. అప్పుడప్పుడు రక్తపరీక్ష ఉంటుంది. వాపు తగ్గింది. పోయిన మార్గళిలో అయిదు చుక్కల ముగ్గు పెట్టింది, చిన్నదే.

ఇరవై సీసాలు ఎవరెవరు తీసుకున్నారో మా దగ్గర వరస లేదు. మీ ఇంట్లో ఉంటే అరిగిన మోకాలికి వాడుకోండి. కానీ పొద్దున వేళ్ళు ముడుచుకోవడానికి గంట పడుతుంటే, రెండు చేతులూ ఒకే తీరుగా వాచి ఉంటే, ఆ సీసా పక్కన పెట్టి ఈ వారమే డాక్టరు దగ్గరికి పోండి. తోడు కావాలంటే మేము వస్తాము, మంగళవారం తప్ప ఏ రోజైనా సరే.