డబ్బాలో దారపు ఉండ

నరసాపురానికి దగ్గరలోని ఒక పల్లెలో, ఒక పెంకుటింటి గూటిలో వరుసగా పేర్చిన డబ్బాలు ఉండేవి. పైన ఏ పేరున్నా లోపల ఉండే వస్తువు మాత్రం వేరు. హార్లిక్స్ సీసాలో బొత్తాలు. ఫోటో ఫిల్ము చుట్ట వచ్చిన నల్లని డబ్బీలో సూదులు. బంధువులెవరో కువైట్ నుంచి తెచ్చిన డెన్మార్కు బిస్కట్ల నీలి డబ్బాలో అల్లిక పూర్తయిన లేసు పువ్వులు. నోరూరుతూ ఆ మూత తీసి, చిన్నబోయిన ముఖంతో తిరిగి పెట్టేసిన పిల్లలు ఆ ఇంట రెండు తరాలవారు ఉన్నారు.

ఆ వరుసలో అన్నిటికంటె పాతది డాల్డా డబ్బా. 1937లో మన దేశపు అంగళ్లకు వచ్చిన ఈ వనస్పతిని నేతికి బదులుగా వాడుకున్న సంసారాలు అసంఖ్యాకం. అది అయిపోయాక డబ్బాను పారవేసిన ఇల్లు మాత్రం అరుదు. కొందరు అడుగున చిల్లు పెట్టి తులసిమొక్క నాటారు. కొందరు కందిపప్పు పోసుకున్నారు. ఆ ఇల్లాలు తన లేసు దారాన్ని అందులో పెట్టుకుంది.

లేసు పనిలో శుభ్రతే సగం కూలి. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో ప్రవేశపెట్టిన ఈ అల్లికకు ముఖ్యంగా కావలసినవి రెండే: తెల్లని నూలు దారం, కొసన కొక్కెం ఉన్న చిన్న సూది. అయితే ఒడిలోంచి జారిన ఉండ మట్టినేల మీద నాలుగు దొర్లు దొర్లిందంటే దారమంతా మాసిపోతుంది. మాసిన సరుకుకు ఏజెంటు ధర తగ్గిస్తాడు. అందుకని ఆమె డబ్బా మూతకు నడుమ మేకుతో చిల్లు కొట్టి, ఉండను లోపల పెట్టి, దారపు కొసను ఆ చిల్లులోంచి పైకి తీసింది. సూది లాగినకొద్దీ ఉండ లోపలే తిరుగుతుంది. దుమ్ము లేదు, చిక్కు లేదు, పిల్లి బెడద అసలే లేదు.

పొరపాటు ఆ చిల్లులోనే ఉంది. డబ్బా రేకు ఉక్కుది. పైనున్నది పలుచని తగరపు పూత మాత్రమే. మేకు దిగినచోట పూత పోయి ఉక్కు బయటపడుతుంది. అసలే సముద్రపు గాలి తగిలే ఊరు. 1980ల తొలి సంవత్సరాలలో ఒక కార్తీకమాసాన తుఫాను ముసురు పట్టినప్పుడు చిల్లు అంచున తుప్పు పుట్టి దారానికి అంటుకుంటూ పోయింది. రాత్రి దీపం వెలుతురులో అల్లే ఆమె కంటికి ఆ గోధుమరంగు చారలు ఆనలేదు. తెల్లవారి చూసేసరికి పన్నెండు పువ్వుల బల్లగుడ్డలో ఏడింటికి మరకలు. ముసురు విడిచాక నిమ్మరసం, ఉప్పు పట్టించి ఎండలో పెడితే మరక పలచబడింది గాని పోలేదు. ఏజెంటు ఆ సరుకును పక్కకు నెట్టి, దారం ఖరీదు కూడా లెక్కలో కోసుకున్నాడు. ఆ డబ్బు పెద్దకూతురి పదవ తరగతి పరీక్ష రుసుముకని ఆమె అనుకున్నది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. డబ్బా అడుగున కాగితం కింద ఏళ్లతరబడి మడిచిపెట్టిన నోట్లు తీసి లెక్కపెట్టింది, చాలలేదు. ముక్కుపుడక తాకట్టుకు వెళ్లింది. రుసుము గడువులోగానే కట్టారు.

ఆ తరువాత పాడైన బాల్‌పెన్ను గొట్టాన్ని అంగుళం మేర కోసి, అంచులను దీపానికి చూపి నునుపు చేసి, చిల్లులో బిగించింది. అటుపైన దారానికి రేకు తగలలేదు.

జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీలపై 1982లో వెలువరించిన గ్రంథంలో ఒక సంగతిని ఎత్తిచూపారు: విదేశాలకు ఎగుమతయ్యే సరుకును తయారుచేస్తున్నా, ఆ స్త్రీల శ్రమను గృహిణుల తీరికవేళల కాలక్షేపంగానే జమకట్టేవారు. ఆ ఇంట్లోనూ అంతే. మామగారికి బీరువా, భర్తకు ఇనుపపెట్టె ఉండేవి. కూలి సంపాదించే ఆమె పనిముట్లకు వంటింటి ఖాళీ డబ్బాలే గతి. అయితే ఆమెను అడగకుండా ఆ డాల్డా డబ్బాను పెద్దవారెవరూ ముట్టేవారు కారు. ఇనుపపెట్టెకు కూడా అంత మర్యాద దక్కినట్టు లేదు.

ఉద్యోగంలో చేరిన పెద్దకూతురు కొన్నేళ్లకు పట్నం నుంచి అరలు అరలుగా ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొనితెచ్చింది, అమ్మ సూదులూ దారాలూ పెట్టుకుంటుందని. ఆమె ఎంతో సంతోషించి, మరునాడే అందులో ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిరపకాయలు పోసుకుంది. మూత వదులైన పాత పోపులపెట్టెను కుంకుడురసంతో తోమి ఎండబెట్టి, గిన్నెల్లో బొత్తాలు, కొక్కేలు సర్దింది. ఇంగువ వాసన పూర్తిగా పోయేదాకా దారాన్ని మాత్రం దాని దరికి రానీయలేదు.