పడమటి వేపనీడ

మందుమొక్కల పెంపకం మీద వచ్చే చిన్న పుస్తకాల్లో 'పాక్షిక నీడ' అన్న మాట తరచూ కనిపిస్తుంది. పుస్తకాల్లో విశేషణాలు పట్టుకుని విసుక్కోవడం నాకు అలవాటే గానీ, ఈ విశేషణం మాత్రం నిజంగానే నష్టపెట్టింది. ఆ నీడ ఏ దిక్కు నుంచి రావాలో, ఏ వేళకి రావాలో ఎవరూ రాయరు. ఎవరి చెట్టు నీడ అన్నది అసలే రాయరు.

శామీర్‌పేట దాటాక మాకు అయిదు గుంటల భూమి ఉంది. పడమటి హద్దుకి అవతల పక్కవాళ్ళ వేపచెట్లు మూడు ఉండేవి. వాటిని ఆనుకునే అమ్మ ఒక మడి చేసి పిప్పలి తీగ, సరస్వతి ఆకు, కాస్త నేలవేము, తులసి వేసింది. పిప్పలి అడవిలో పెద్దచెట్ల కింద బతికే తీగ. విశాఖ ఏజెన్సీలో వేరు కోసం పెంచుతారు, అంగట్లో 'మోడి' అని అమ్మేది ఆ వేరునే. నలభై దాటే మన మే నెల ఎండకి ఇక్కడ నిలవదనుకున్నాను. నిలిచింది. నాలుగేళ్లు కాయలు కోసింది అమ్మ.

పొద్దుటి ఎండ దానికి కావాలి. చంపేది మధ్యాహ్నం రెండు దాటాక వచ్చే పడమటెండ. అప్పటికి నేల కాలి, గాలి పొడిబారి ఉంటుంది. నీళ్లు పోకుండా ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. దాంతో చల్లబడే దారీ పోతుంది, తిండి తయారీ ఆగుతుంది. సరిగ్గా ఆ వేళకే వేపనీడ మా మడి మీదికి వచ్చేది.

పోయిన మాఘంలో పక్క భూమి వెంచరైంది. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలంటుంది 2002 నాటి వాల్టా చట్టం. ఉందో లేదో అడిగేలోపే మొద్దులు ట్రాక్టరెక్కాయి. ఆ పొద్దున నేను ఆఫీసు మీటింగులో ఉండి అమ్మ ఫోను రెండుసార్లు కట్ చేశాను.

యాభై శాతం షేడ్‌నెట్ తెచ్చి కట్టాం. వల వెలుగుని తగ్గిస్తుంది గానీ చెట్టులా నీటిని ఆవిరిచేసి గాలిని చల్లబరచదు. పైగా పొద్దుటి ఎండనీ అంతే కోసేస్తుంది. తులసి పొడుగ్గా సాగింది, నలిపితే వాసన పలచన. నేలవేము బతికింది. సరస్వతి ఆకుని అమ్మ బోరు పక్క తొట్టిలోకి మార్చింది. పిప్పలి ఏప్రిల్ ఆఖరికి పోయింది.

తమలపాకు తోటల్లో అవిసె పెంచి, ఆ నీడలో తీగ పాకించే పద్ధతి పాతదే. తొలకరికి మా హద్దు లోపలే అవిసె వరస పెట్టాను. గుంతలు తవ్వుతుంటే రాతి కడీ ఒకటి తగిలింది, ఈ వైపు అనాబెషాహి ద్రాక్ష పందిళ్లు ఉన్న రోజులది.

పక్క ప్లాట్లో రెండంతస్తులు లేస్తే మనకి నీడేగా అన్నాడు నాన్న. గోడ పగలు తాగిన వేడిని రాత్రి మన మీదికే వదుల్తుందని చెప్పబోయి ఊరుకున్నాను. అవిసెలు ఇంకా నా భుజం దాకే వచ్చాయి. వాటి నీడ అయిదింటికి గానీ మడిని తాకడం లేదు.